పట్టేసిన హ్యాండ్ బ్రేక్: కేబుల్ మార్చాలా, నూనె పోయాలా, అసలు వాడటమే మానాలా?

రాజాం_పాతజీపు:
మాది 1998 నాటి డీజిల్ జీపు, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం. మామిడి తోటకూ, నెలకు రెండు మూడుసార్లు సీతంపేట కొండలకూ వెళ్లివస్తుంది. కొంతకాలంగా హ్యాండ్ బ్రేక్ లివరు పూర్తిగా దించినా వెనుక ఎడమ చక్రం వదలడం లేదు. మొన్న పాలకొండ నుంచి ఇంటికి వచ్చేసరికి మాడు వాసన. వెనుక చక్రాల బ్రేకులు ఉండే రెండు ఇనుప డ్రమ్ముల మీదా కాసిన్ని నీళ్లు చిలకరిస్తే ఎడమది చుయ్యిమంది, కుడిది ఊరికే తడిసింది. షెడ్డులో చూపిస్తే కేబుళ్లు రెండూ మార్చాలన్నారు. అదే షెడ్డులో ఆరు నెలల కిందటే మార్చారు! మా నాన్నగారేమో, "దాన్ని ఊడబీకి పారేయ్. గేరులో వేసి టైరు కింద రాయి పెడితే చాలు, నా కాలమంతా అలాగే గడిచింది" అంటున్నారు. ఎవరి మాట వినాలి?

నౌపడ_ఉప్పుగాలి:
మార్చేయండి. నూనె పోసి రోజులు నెట్టుకురావడం శుద్ధ దండగ. కేబుల్ పైతొడుగు ఇనుప చుట్ట, దాని లోపల తీగ. చివరన ఉన్న రబ్బరు బూటు చిరిగిందంటే వాననీళ్లు, బురద తిన్నగా లోపలికే. మా ఉప్పు మడుల పక్కనైతే ఒక్క వర్షాకాలం చాలు. తుప్పు పట్టిన తీగలో ఒక పోగు తెగి ముల్లులా లేస్తుంది. లాగేటప్పుడు మీ చేతి బలానికి వస్తుంది, వెనక్కి పోయేటప్పుడు స్ప్రింగు బలం సరిపోదు. ఇక కొత్తరకం కేబుళ్లలో తీగకూ తొడుగుకూ మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది, వాటికి నూనె అవసరమే లేదు. గ్రీజు కూరితే బురదతో కలిసి రుబ్బిన పిండిలా తయారవుతుంది.

సాలూరు_ఘాట్:
బాబూ, ముందు డబ్బులు జేబులోనే ఉంచు. ఎక్కడ పట్టేసిందో తెలియకుండా సామాను కొనడం ఏమిటి? ఆరు నెలల కేబుల్ అంటున్నావు. అది చెడకూడదని కాదు, మళ్లీ ఎడమ వైపే ఎందుకు పట్టిందో ఎవరూ చూడలేదు, అదీ నా బాధ.

బండిని సమంగా ఉన్న నేల మీద నిలుపు. ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టు. వెనుక ఇరుసు ఎత్తి, జాకీని నమ్ముకోకుండా కింద గట్టి దిమ్మలు పెట్టు. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ దించి, చక్రాన్ని చేత్తో తిప్పు. తిరగలేదా? లివరు నుంచి వచ్చిన కేబుల్ రెండుగా చీలే చోట ఒక సర్దుబాటు నట్టు ఉంటుంది. దాన్ని బాగా వదులు చేసి మళ్లీ తిప్పు. ఇప్పుడు తిరిగితే తప్పు కేబులుదో, దాన్ని అతిగా బిగించినవాడిదో. అప్పటికీ తిరగకపోతే దోషం డ్రమ్ము లోపల ఉంది, ఎన్ని కేబుళ్లు మార్చినా పోదు.

ఇంకొక మాట. కాలి బ్రేకు నూనె పోయే రబ్బరు గొట్టం లోపల ఉబ్బినా చక్రం పట్టేస్తుంది. కానీ వెనుక ఇరుసుకు ఒకే గొట్టం వచ్చే బండ్లలో అలా జరిగితే రెండు చక్రాలూ పట్టాలి. నీది ఒక్కటే కదా. వేడెక్కిన డ్రమ్ము మీద నీళ్లు మాత్రం ఇంకెప్పుడూ పోయకు, పోత ఇనుము బీటలిస్తుంది.

తుప్పురథం:
ఆగండి, అసలు ఆ బ్రేకు ఎక్కడ పడుతుందో అడిగారా? విల్లీస్ అనే పాత అమెరికా జీపు పోలికలో వచ్చిన బండ్లలో హ్యాండ్ బ్రేక్ వెనుక చక్రాల మీద పడదు. ఇంజను బలాన్ని ముందు వెనుక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక, వెనుక ఇరుసుకు పోయే షాఫ్టు మొదట్లో ఒక చిన్న డ్రమ్ము ఉంటుంది, దాని మీద పడుతుంది. అలాంటి బండికి వెనుక చక్రం ఒక్కటి జాకీతో ఎత్తితే హ్యాండ్ బ్రేక్ వేసి ఉన్నా లేనట్టే. గాల్లోని చక్రం తిరుగుతుంది, నేల మీది చక్రం దొర్లుతుంది, బండి జాకీ మీద నుంచి జారుతుంది. తెలియకే చాలామంది కాళ్లు పోగొట్టుకునే దాకా తెచ్చుకుంటారు.

రాజాం_పాతజీపు:
అలాంటిది కాదండీ, రెండు చక్రాలకూ వేరువేరుగా కేబుళ్లు వెళ్తున్నాయి. ఆదివారం విప్పి చూస్తాను.

గంటస్తంభం:
ఇంత హంగామా ఎందుకు? ఆ పెద్దాయన చెప్పిందే నిజం. వానలో తిరిగి వచ్చి హ్యాండ్ బ్రేక్ వేసి నాలుగు రోజులు వదిలేస్తే డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి ఆపే షూల మీది రాపిడి పొరలు, అవే లైనర్లు, డ్రమ్ముకు అతుక్కుపోతాయి. తుప్పే జిగురు. నేను విజయనగరంలో ఇంటి ముందు ఎప్పుడూ గేరులోనే వదిలేస్తాను, ఏ గొడవా లేదు.

సాలూరు_ఘాట్:
విజయనగరంలో ఇంటి ముందు సరే. పి.కోనవలస ఘాట్‌లో లోడుతో ఆగి చూడండి, అప్పుడు మాట్లాడుకుందాం. నాలుగు చక్రాలకూ బలం అందే బండికి ట్రాన్స్‌ఫర్ కేసును నడిపే లివరు ఒకటి విడిగా ఉంటుంది. అది పొరపాటున న్యూట్రల్‌లో ఉంటే మీరు వేసిన గేరుకూ చక్రాలకూ సంబంధమే ఉండదు. రాయి ఒక్కటే దిక్కు. పట్టేసిన బ్రేకుతో ఘాట్ దిగడం ఇంకా ప్రమాదం. వేడికి బ్రేకు నూనె మరిగితే పెడలు నేలకు ఆనిపోతుంది. అప్పుడు మిగిలేది, మీరు వద్దంటున్న ఆ హ్యాండ్ బ్రేకే.

వాన రోజుల్లో ఇంటి దగ్గర నాలుగు రోజులు కదలని బండికి గేరు, రాయి అంటే ఒప్పుకుంటాను. అది వేరు, ఊడబీకడం వేరు. సొంత బండికి పదిహేనేళ్లు దాటాక ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఆ తనిఖీలో హ్యాండ్ బ్రేక్ లేదని ఏం చెబుతారు?

గంటస్తంభం:
రాయి ఉంది చూడండి సారూ, అని చెబుతాను.

రాజాం_పాతజీపు:
విప్పాను. సాలూరు గారు చెప్పినట్టే చేశాను. నట్టు పూర్తిగా వదులు చేసినా ఎడమ చక్రం తిరగలేదు. డ్రమ్ము ఊడి రావడానికే గంట పట్టింది. అంచున అరుగుదల గట్టు కట్టి షూలను పట్టుకుంది. సర్దుబాటు పళ్ల చక్రం వెనక్కి తిప్పి, చెక్క సుత్తితో చుట్టూ తడితే వచ్చింది.

కేబుల్ కొక్కెం తప్పించి లాగితే వెన్నలా కదిలింది. పట్టేసింది దాని అవతల. వెనుక షూకు ఒక ఇనుప లివరు మేకుతో బిగించి ఉంటుంది కదా, కేబుల్ లాగేది దాన్నే. ఆ మేకు దగ్గర తుప్పు ఎంత గట్టిగా పట్టిందంటే లివరు, షూ ఒకే ముక్క అయిపోయాయి. ముందుకు తోస్తే అక్కడే నిలబడింది. షూ బయటకు తీసి, లైనరు తడవకుండా మేకు ఒక్కదానికే కిరసనాయిలు పట్టించి రాత్రంతా ఉంచాను. పొద్దున్న అటూ ఇటూ ఆడిస్తుంటే ఎర్రటి పొడి రాలుతూ రాలుతూ చివరికి వేలితో కదిలింది. గరుకు కాగితంతో రుద్ది, వేడికి కరగని గ్రీజు గోరంత రాశాను. లోపలి నల్లటి పొడి నోటితో ఊదబోతే మా ఆవిడ కసిరింది, తడిగుడ్డతో తుడిచాను.

తుప్పురథం:
ఆవిడకు నమస్కారాలు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

సాలూరు_ఘాట్:
బాగుంది. ఇప్పుడు వరుస తప్పకు. ముందు డ్రమ్ములో షూలు సర్దు, చక్రం తేలిగ్గా తిరగాలి. ఆ తరవాతే కేబుల్ నట్టు. చాలా షెడ్లలో ముందు కేబుల్ బిగించేస్తారు, లివరు గట్టిగా ఉందని బండి యజమాని మురిసిపోతాడు, షూలు రోజంతా రాసుకుంటూ ఉంటాయి. లివరు ఆరేడు పళ్లు లేచేసరికి బండి నిలబడితే చాలు. కుడి వైపు కూడా విప్పు. అదీ అదే వాగు నీళ్లు తాగింది.

నౌపడ_ఉప్పుగాలి:
కేబుల్ తప్పు లేదని ఒప్పుకుంటున్నాను. దాని బూటు ఎలా ఉంది?

రాజాం_పాతజీపు:
చిరిగింది. అక్కడి నుంచే నీళ్లు దిగుతున్నట్టుంది. దుకాణంలో అడిగితే బూటు విడిగా దొరకదట, కేబులుతో కలిపే ఇస్తారట.

నౌపడ_ఉప్పుగాలి:
చూశారా, తిరిగి తిరిగి కేబుల్ దగ్గరికే వచ్చారు.

సాలూరు_ఘాట్:
సైకిల్ ట్యూబు జానెడు ముక్క కోసి తొడిగి, రెండు పక్కలా తీగ చుట్టు బాబూ.