కెంప్‌స్టర్ ఇంటిపేరుకు మూలం ఆడవాళ్లేనా?

పలకాబలపం:
ఇంగ్లండ్‌లో అరుదుగా వినిపించే ఇంటిపేరు కెంప్‌స్టర్. పాత ఇంగ్లీషులో 'కెంబన్' అంటే దువ్వడం. ఉన్ని దువ్వే ఆడమనిషి కెంబెస్టర్. మగవాడికి చివర 'ఎర్', ఆడమనిషికి 'స్టర్'. మనకు వన్నెకాడు, వన్నెకత్తె ఉన్నట్టే. కాబట్టి ఈ ఇంటిపేరు ఒక స్త్రీతోనే మొదలైందని నా వాదన.

పాతపద్దు:
అంత గట్టిగా చెప్పలేమండీ. తెలుగు బైబిల్లో ఫరో దగ్గరి భక్ష్యకారుడు గుర్తున్నాడా? ఆదికాండాన్ని పాత ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు ఆ మగవాణ్ని కూడా 'బాకెస్ట్రె' (రొట్టెలు కాల్చే ఆడమనిషి) అనే రాశారు. బాక్స్‌టర్ అనే ఇంటిపేరు అందులోంచే వచ్చింది. అంటే మొదటి నుంచీ ఈ గీత చెరుగుతూనే ఉంది. తర్వాత దక్షిణ ఇంగ్లండ్‌లో 'స్టర్' ఎక్కువగా ఆడవాళ్లకే నిలిచింది. ఉత్తరాన, తూర్పున నేతపని చేసే మగవాడూ వెబ్‌స్టరే. ఇంకో సాక్ష్యం చూడండి. కుట్టుపని చేసే ఆమెను సీమ్‌స్టర్ అంటే సరిపోవాలి కదా? అది చాలక చివర ఇంకో స్త్రీ ప్రత్యయం తగిలించి సీమ్‌స్ట్రెస్ అన్నారు. 'స్టర్' వింటే ఆడమనిషి అని ఎవరికీ తోచకుండా పోయిందన్నమాట.

పలకాబలపం:
ఫరో సంగతి ఒప్పుకుంటాను. కానీ స్పిన్‌స్టర్ మాటేమిటి? నూలు వడికే ఆమె అనే అర్థంతో పుట్టి, పెళ్లికాని స్త్రీ అనే అర్థానికి మారి, 2005 దాకా అక్కడి పెళ్లి రిజిస్టర్లలో ఉంది. అది మగవాళ్లకు అంటలేదే! పైగా తల్లి పేరే ఇంటిపేరైన కుటుంబాలు అక్కడ ఉన్నాయి. మేరీ నుంచి వచ్చిన మారియట్ అలాంటిదే. మరి తల్లి చేసిన పని ఇంటిపేరు కాకూడదా? ఉన్ని పనిలో ఆడవాళ్ల కష్టం ఎక్కడా లెక్కకు రాదు. మిగిలిన ఈ ఒక్క ఆనవాలూ తీసేస్తారేమోనని నా బాధ.

పాతపద్దు:
తీసేయమనడం లేదండీ. ఉన్ని దువ్వడం చిన్న పని కాదని నాకూ తెలుసు. మన దూదేకులవారు దూదిని ఏకుతారు. ఇది వేరు. ఇనుప పళ్ల దువ్వెనలను వేడి చేసి, పొట్టి పోగులను వదిలించి, పొడుగు పోగులను వరసపెట్టాలి. నార్ఫోక్‌లోని వర్‌స్టెడ్ ఊరి పేరుతో ప్రసిద్ధమైన బట్టకు అదే ఆధారం. నేననేది ఒక్కటే. ఇంటిపేర్లు వంశాలకు స్థిరపడింది ఎక్కువగా 13, 14 శతాబ్దాల్లో. 1377 తలపన్ను 14 ఏళ్లు దాటిన ఆడ, మగ అందరి మీదా పడింది, తలకు 4 పెన్నీలు. పేర్లు రాసిన పద్దు మిగిలిన ఊళ్లలో వెతకండి. కెంప్‌స్టర్ పక్కన ఆలిస్ ఉందో, జాన్ ఉన్నాడో చూడండి. ఆలిస్ దొరికితే, అది దక్షిణాది ఊరైతే, మీ మాటకే నా ఓటు.