గోదావరి జిల్లాల బ్రాంచ్‌ల స్విచ్‌లన్నిటికీ ఒకే స్క్రిప్ట్‌తో వీల్యాన్ ఎక్కించడం ఎలా?

ప్రశ్న (భీమవరం నుంచి)
భీమవరం, పాలకొల్లు, నరసాపురం, రాజోలు, అమలాపురం బ్రాంచ్‌లు కలిపి 38 సిస్కో కెటలిస్ట్ 2960 స్విచ్‌లున్నాయండి. సీసీ కెమెరాలకి వీల్యాన్ 40 (అవే స్విచ్‌ల మీద విడిగా నడిచే నెట్‌వర్క్) అన్నిట్లో పెట్టి, అప్‌లింక్ ట్రంకుల (మెయిన్ వైపు అన్ని వీల్యాన్లనీ మోసే లింకుల) మీద పంపాలి. ఇప్పటిదాకా పుట్టీలో (రిమోట్ లాగిన్ సాఫ్ట్‌వేర్) ఒక్కో స్విచ్చే తెరిచి పేస్ట్ చేస్తున్నాం. పైథాన్ కొంచెం వచ్చు. భయమల్లా ఒకటే: కమాండ్ తేడా కొట్టి అవతలి గట్టు స్విచ్ అందకుండా పోతే, నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి వెళ్లి కన్సోల్ కేబుల్ పెట్టాల్సిందే. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు 1
నెట్‌మికో (స్విచ్‌లలో లాగిన్ అయి కమాండ్లు పంపే పైథాన్ లైబ్రరీ) వాడండి. ప్రాంప్ట్ కోసం ఆగడం, పొడవైన అవుట్‌పుట్ 'మోర్' దగ్గర నిలిచిపోకుండా చూడటం అదే చేసుకుంటుంది. ఐపీ, బ్రాంచ్, అప్‌లింక్ పోర్టు ఒక సీఎస్‌వీలో పెట్టండి. పాస్‌వర్డ్ మాత్రం అందులో వద్దు, పైథాన్ గెట్‌పాస్‌తో నడిపేటప్పుడు అడిగించండి.

మొదటి విడత ఏమీ మార్చకండి. 'షో రన్', 'షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్', 'షో వీటీపీ స్టేటస్' తెచ్చి స్విచ్‌కో ఫైల్‌గా దాచండి. బ్యాకప్పూ అవుతుంది, అప్‌లింక్ పోర్టు అంచనాతో కాకుండా ట్రంక్ అవుట్‌పుట్ చూసి రాసుకోవచ్చు. వీటీపీ (వీల్యాన్ల జాబితాని స్విచ్‌ల మధ్య పంచే పద్ధతి) క్లయింట్ మోడ్‌లో ఉన్న స్విచ్ మీద వీల్యాన్ సృష్టించలేరు. వాటిని ముందే వేరు చేయండి.

ఇంకోటి: మార్పులు పంపే నెట్‌మికో ఫంక్షన్ 'సెండ్_కాన్ఫిగ్_సెట్', స్విచ్ కమాండ్ తిరస్కరించినా మామూలుగా ఆగదు, మిగతావి పంపుతూనే ఉంటుంది. 'ఎర్రర్_ప్యాటర్న్' ఇచ్చి 'ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్' కనపడగానే ఆపించండి.

జవాబు 2
పై జవాబుతో ఏకీభవిస్తాను. అసలు ప్రమాదం మాత్రం ఒక్క మాటలో ఉంది. 'స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ 40' అని పంపితే పాత జాబితా మొత్తం పోయి 40 ఒక్కటే మిగులుతుంది. మీరు లాగిన్ అయ్యే మేనేజ్‌మెంట్ వీల్యాన్ కూడా పోతుంది కాబట్టి మీ కనెక్షన్ అక్కడికక్కడే తెగుతుంది. 'వీల్యాన్ యాడ్ 40' అనే ఉండాలి. ఆ లైన్ స్క్రిప్ట్‌లో ఒకే చోట రాసి, 'యాడ్' లేకపోతే నడవకుండా చెక్ పెట్టండి.

గట్టు దాటే స్విచ్‌లకి మార్పుకి ముందు 'రీలోడ్ ఇన్ 10' (10 నిమిషాలకి తనే రీబూట్ అయ్యేలా) కొట్టించండి. కన్ఫర్మ్ అడుగుతుంది కాబట్టి 'సెండ్_కమాండ్_టైమింగ్' వాడాలి. మార్పు చేశాక కొత్తగా మళ్లీ లాగిన్ అయి చూడండి. వస్తే 'రీలోడ్ క్యాన్సిల్', ఆ తర్వాతే 'సేవ్_కాన్ఫిగ్'. ఈ వరుస తప్పి ముందే సేవ్ చేస్తే, రీబూట్ అయినా ఆ పాడు కాన్ఫిగే తిరిగొస్తుంది. లాగిన్ కాకపోతే 10 నిమిషాలకి స్విచ్ పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. అది లేచేదాకా ఆ బ్రాంచ్ నెట్ ఉండదు కాబట్టి కౌంటర్ మూశాకే పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు
చాలా థాంక్సండి. షో కమాండ్లు నడిపితే రెండు పాత స్విచ్‌లు ఎస్‌ఎస్‌హెచ్‌కి (గుప్తంగా నడిచే రిమోట్ లాగిన్) అసలు స్పందించడం లేదు, కొన్ని మధ్యలో టైమౌట్. అన్నీ ఒకేసారి థ్రెడ్లతో పంపొచ్చా?

జవాబు 1
ఆ రెండిటి 'షో వెర్షన్' చూడండి. ఇమేజ్ (స్విచ్ సాఫ్ట్‌వేర్ ఫైల్) పేరులో 'కే9' లేకపోతే ఎస్‌ఎస్‌హెచ్ ఉండదు. డివైస్ టైప్ 'సిస్కో_ఐఓఎస్_టెల్‌నెట్' అని మార్చాలి, పాస్‌వర్డ్ గుప్తంగా వెళ్లదు కాబట్టి ఇమేజ్ మార్చేదాకానే. 'కే9' ఉండీ రాకపోతే బహుశా ఎస్‌ఎస్‌హెచ్ కీ సృష్టించి ఉండరు: హోస్ట్‌నేమ్, డొమైన్ నేమ్ పెట్టి 'క్రిప్టో కీ జెనరేట్ ఆర్‌ఎస్‌ఏ మాడ్యులస్ 2048'.

టైమౌట్‌కి 'రీడ్_టైమౌట్' 60 ఇవ్వండి. డిఫాల్ట్ 10 సెకన్లు నెమ్మది లింకుల మీద 'షో రన్'కి చాలవు.

షో కమాండ్లకి 8 థ్రెడ్లు చాలు. మార్పులకి మాత్రం థ్రెడ్లు వద్దు. ఒక్కో బ్రాంచ్‌లో చివరి స్విచ్ నుంచి మొదలుపెట్టి మెయిన్ వైపు రండి, దారిలోని స్విచ్ తెగితే దాని అవతలివన్నీ అందవు.

జవాబు 2
'డిస్‌కనెక్ట్' తప్పనిసరిగా పిలవండి. స్క్రిప్ట్ మధ్యలో చచ్చిపోతే ఆ సెషన్ స్విచ్ మీద డిఫాల్ట్‌గా 10 నిమిషాలు అలాగే ఉంటుంది. మళ్లీ మళ్లీ నడిపితే వీటీవై లైన్లు (రిమోట్ లాగిన్ల కోసం ఉండే కొద్ది స్లాట్లు) నిండి మీకే లాగిన్ దొరకదు. కరెంటు పోయి అందని స్విచ్‌ల ఐపీలు వేరే ఫైల్లో రాయించి, తర్వాత వాటి మీదే మళ్లీ నడపండి. 'యాడ్ 40' రెండోసారి వెళ్లినా నష్టమేమీ లేదు.