"ఒకదాని చుట్టూ ఒకటి" అనొచ్చా? అరుంధతీ వశిష్ఠుల దగ్గర వచ్చిన అనుమానం

పోయిన నెల మా పిన్ని కూతురి పెళ్ళి. మిట్టమధ్యాహ్నం, ఎండ మాడ్చేస్తుంటే, పురోహితుడు గారు కొత్త జంటని పందిరి బయటికి తీసుకొచ్చి ఆకాశంలోకి వేలు చూపించారు. "అరుంధతి కనపడిందామ్మా?" "కనపడిందండీ." అందరం నవ్వుకున్నాం, అది మామూలే. సాయంత్రానికల్లా మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఆ ఫార్వర్డ్ దిగింది, మీకూ వచ్చే ఉంటుంది: మిగతా జంట నక్షత్రాల్లో ఒకటి కదలకుండా ఉంటే రెండోది దాని చుట్టూ తిరుగుతుందట, అరుంధతీ వశిష్ఠులు మాత్రం ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతారట, అందుకే మన పెద్దలు పెళ్ళిలో చూపిస్తారట.

సైన్సు సంగతి తర్వాత, నేను ముందు ఆ మాట దగ్గరే ఆగిపోయాను. "చుట్టూ" అనాలంటే మధ్యలో ఏదో ఒకటి ఉండాలి కదా. గుడి చుట్టూ ప్రదక్షిణ, రోలు చుట్టూ పిల్లలు, చెట్టు చుట్టూ గట్టు. రెండూ తిరుగుతుంటే ఎవరు ఎవరి చుట్టూ తిరుగుతున్నట్టు?

నిజానికి అక్కడ జరిగేది ఒప్పులకుప్ప. ఇద్దరు ఆడపిల్లలు చేతులు పెనవేసుకుని, వెనక్కి వాలి గిర్రున తిరుగుతారు చూడండి, అదే. ఇద్దరూ ఒకే బరువుంటే తిరిగే కేంద్రం సరిగ్గా మధ్యలో, ఖాళీ చోట ఉంటుంది. ఒకరు బొద్దుగా, ఇంకొకరు సన్నగా ఉంటే బొద్దుపిల్ల దాదాపు ఉన్నచోటే చిన్న సున్నా చుడుతుంది, సన్నపిల్ల పెద్ద సున్నా చుడుతుంది. ఏ జంటలోనూ ఒకటి స్తంభంలా నిలబడి ఉండదు, అన్ని జంటలూ ఇంతే, కాబట్టి ఫార్వర్డ్‌లో చెప్పిన ఆ ప్రత్యేకత అరుంధతికొక్కదానికే కట్టబెట్టేది కాదు.

సిరియస్‌నే తీసుకోండి, మనవాళ్ళు మృగవ్యాధుడు అనేది. అది నేరుగా పోకుండా అటూ ఇటూ ఊగుతూ జరుగుతోందని చూసి, కనపడని తోడు ఒకటి ఉండాలని 1844లో జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త బెస్సెల్ చెప్పాడు. చీకట్లో ఒక పిల్లే కనపడుతోంది, కానీ ఆ ఊపు చూస్తే ఎవరి చేతులో పట్టుకుని తిరుగుతోందని తెలిసిపోతుంది కదా, అలా అన్నమాట. 1862లో అమెరికాలో టెలిస్కోపులు చేసే ఆల్వన్ గ్రాహం క్లార్క్ కొత్త టెలిస్కోపు పరీక్షిస్తుంటే ఆ తోడు నిజంగానే కనపడింది. దాని పరిమాణం ఇంచుమించు భూమంత, బరువు మాత్రం సూర్యుడంత!

ఈ బరువు ఎలా తెలిసిందంటే, అదే ఈ జంటల వల్ల మనకున్న పెద్ద లాభం. రెంటి మధ్య సగటు దూరం భూమికీ సూర్యుడికీ ఉన్న దూరానికి దాదాపు 20 రెట్లు, ఒక చుట్టుకి దాదాపు 50 ఏళ్ళు. ఇలా కొలిచిన దూరం ఘనాన్ని ఏళ్ళ వర్గంతో భాగిస్తే మొత్తం బరువు సూర్యుళ్ళ లెక్కలో వస్తుంది: 20 ఘనం 8000, 50 వర్గం 2500, భాగిస్తే 3.2. అంటే రెండూ కలిపి సుమారు మూడు సూర్యుళ్ళ బరువు. ఇక ఎవరి సున్నా ఎంత పెద్దదో కొలిస్తే వాటాలు తేలిపోతాయి, పెద్దదానికి రెండు, చిన్నదానికి ఒకటి. ఒంటరిగా ఉన్న చుక్కని ఇలా నేరుగా తూచడం కుదరదు.

సరే, మళ్ళీ మాటకొస్తా. మన "జంట" రెండు రకాలు. జంట నగరాలు అంటే పక్కపక్కన ఉన్నవి, హుస్సేన్ సాగర్‌కి అటొకటి ఇటొకటి. జంట కవులు అంటే వేరే, తిరుపతి వేంకట కవుల్లో ఈ పద్యం ఎవరిదని విడదీయడం కష్టం. ఆకాశంలోనూ ఇదే గొడవ. కొన్ని ఒకే దిక్కున ఉండటం వల్ల మనకి పక్కపక్కన కనపడతాయి, అసలు ఒకదానికంటే ఒకటి ఎంతో వెనక ఉంటుంది. కొన్ని నిజంగా ఆకర్షణతో ముడిపడినవి. 1802లో ఖగోళ శాస్త్రవేత్త విలియం హెర్షెల్ ఈ రెండో రకానికి 'బైనరీ' అని వేరే మాట పెట్టాడు, మొదటిదానికి 'డబుల్' అలాగే మిగిలింది. మనం మాత్రం రెంటినీ జంట నక్షత్రాలు అనేసి ఊరుకున్నాం. రెండో రకానికి "జోడు చుక్కలు" అందామా? ఏమంటారు?

*

వ్యాఖ్య: బాగుందండీ, కానీ అసలు ప్రశ్న వదిలేశారు. అరుంధతీ వశిష్ఠులు జంట నగరాలా, జంట కవులా?

జవాబు: మంచి చోట పట్టుకున్నారు. వశిష్ఠుడు (మూలంలో వసిష్ఠుడే, మన నోట్లో వశిష్ఠుడయ్యాడు) సప్తర్షుల్లో తోక చివరి నుంచి రెండో చుక్క, మిజార్. పక్కన మసగ్గా ఉండేది అరుంధతి, ఆల్కోర్. మధ్య ఎడం చందమామ వెడల్పులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. రెండూ మనకి 80 కాంతి సంవత్సరాలకి కొంచెం పైన ఉన్నాయి, కలిసే ప్రయాణిస్తున్నాయి, బహుశా ముడిపడే ఉన్నాయి అంటున్నారు. కానీ ఒక్క చుట్టుకి లక్షల ఏళ్ళకి తక్కువ పట్టదు, కాబట్టి ఆ తిరగడం కంటితో చూసి పెళ్ళిలో పెట్టారనడం కుదరదు.

అసలు తమాషా లోపలుంది. టెలిస్కోపులో వశిష్ఠుడు ఇద్దరు. అందులో ఒకరి కాంతిని రంగుల పట్టీగా విడదీస్తే ఒక గీత కొన్ని రాత్రులు రెండుగా చీలి మళ్ళీ ఒకటవుతోందని 1889లో హార్వర్డ్‌లో పికరింగ్, ఆంటోనియా మౌరీ గమనించారు. అంటే అక్కడున్నవి రెండు, ఒకటి మనవైపు వస్తుంటే దాని గీత నీలం వైపు, రెండోది దూరం పోతుంటే దాని గీత ఎరుపు వైపు జరుగుతోందన్నమాట, చుట్టు ఇరవైన్నర రోజులు. అలా దొరికిన మొదటి జోడు అదే. రెండోవారూ జోడేనని 1908లో తేలింది. 2009లో అరుంధతి పక్కన కూడా చిన్న ఎర్రచుక్క బయటపడింది. మొత్తం ఆరుగురు. మనం దంపతులనుకున్నది ఉమ్మడి కుటుంబం.

వ్యాఖ్య: కవల నక్షత్రాలు అంటే పోదా అన్నా?

జవాబు: వద్దు తమ్ముడూ, కవలలంటే ఒకేలా ఉండాలనిపిస్తుంది. సిరియస్ జోడు చూశావుగా, ఏనుగూ ఎలుకా.

వ్యాఖ్య: మా తాతగారు "స్థూలారుంధతీ న్యాయం" అనేవారు. చిన్నచుక్క చూపించడానికి ముందు పక్కనున్న పెద్దచుక్కనే ఇదే అరుంధతి అని చూపించి, కన్ను కుదిరాక అది కాదు ఇదీ అనడం. మీరూ ఒప్పులకుప్పతో అదే చేశారు.

జవాబు: అక్షరాలా అదేనండీ! చూడాలనుకునేవాళ్ళు పట్టపగలు కాకుండా వైశాఖంలో రాత్రి తొమ్మిదింటప్పుడు ఉత్తరం వైపు తలెత్తండి, సగానికి పైనే ఉంటుంది. కార్తీకంలో ఆ వేళకి వెతికితే దొరకదు, దిగువకి పోయి ఉంటుంది.

వ్యాఖ్య: జోడు అంటే మా వైపు చెప్పులండీ. పెళ్ళిలో "జోడు చుక్కలు చూడండి" అంటే జనం కిందికి చూస్తారు.

జవాబు: హహ, నిజమే. కానీ కళ్ళజోడు కూడా జోడే కదా, రెండు అద్దాలు, మధ్యలో ముక్కు మీద ఆనే ఆ చిన్న వంతెన. నాకు ఆ మాట ఇంకా నచ్చుతోంది, మీకు కుదరకపోతే వేరేది చెప్పండి, యుగ్మతార తప్ప ఏదైనా సరే.