పరిమిత బడ్జెట్‌లో గేమింగ్ కంప్యూటర్: ఏ భాగానికి ఎంత పెట్టాలి?

తొలికూర్పు:
సొంతంగా ఒక గేమింగ్ కంప్యూటర్ కూర్చుకోవాలని ఏడాదిగా సొమ్ము దాచుకుంటూ వచ్చాను. అయితే అది కోరుకున్నవన్నీ కొనడానికి చాలేంత కాదు, ఒక చోట పెంచితే మరొక చోట తగ్గించక తప్పదు. మానిటర్ ఇప్పటికే ఉంది, 1080పీ రిజల్యూషన్‌లో 144 హెర్ట్జ్ వరకు చూపిస్తుంది. నేను వేసుకున్న లెక్కలో ఎనిమిది కోర్ల ప్రాసెసర్, లిక్విడ్ కూలర్, అద్దాల క్యాబినెట్, ఒక 16 జీబీ ర్యామ్ స్టిక్ పోగా గ్రాఫిక్స్ కార్డుకు మిగిలింది ఐదో వంతు మాత్రమే. పవర్ సప్లై క్యాబినెట్‌తో పాటే వస్తుందని అనుకుంటున్నాను. స్వయంగా కూర్చిన అనుభవం ఉన్నవారు ఈ లెక్కను సరిదిద్దగలరని ఆశిస్తున్నాను.

రాత్రిపక్షి:
మీ లెక్క తలకిందులైంది, కానీ డబ్బు ఇంకా చేతిలోనే ఉంది కనుక కంగారు పడనక్కరలేదు. నేను ఇదే పొరపాటు కొనేసిన తర్వాత తెలుసుకున్నాను. నా మొదటి కంప్యూటర్‌లో ప్రాసెసర్ ఘనమైనది, కార్డు బలహీనమైనది. ఆట నడుస్తుండగా వినియోగం చూస్తే కార్డు 99 శాతం దగ్గర ఆయాసపడుతుంటే, ప్రాసెసర్ 30 శాతం దగ్గర తీరుబడిగా కూర్చుని ఉండేది. నేను డబ్బు పోసి కొన్న కోర్లలో సగానికి పని లేదన్నమాట.

ఆటల కోసమే అయితే మొత్తంలో దాదాపు 40 శాతం గ్రాఫిక్స్ కార్డుకు కేటాయించి, మిగతాది దాని చుట్టూ సర్దుకోవడం మంచిదని నా అభిప్రాయం. రైజెన్ 5 5600 గానీ ఇంటెల్ ఐ5-12400ఎఫ్ గానీ తీసుకుంటే, రెండింటికీ ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు ఉంటాయి, బాక్స్ ప్యాక్ కొంటే కూలర్ కూడా అందులోనే వస్తుంది, కాబట్టి లిక్విడ్ కూలర్‌కు పెట్టదలచినదంతా నేరుగా కార్డు మీదికి మళ్లించవచ్చు. అయితే ఈ రెండు ప్రాసెసర్లలోనూ సొంత గ్రాఫిక్స్ ఉండదు, కార్డు బిగించేదాకా తెర మీద ఏమీ కనిపించదు.

పాతసాకెట్:
రాత్రిపక్షి గారి మాటతో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ మీరు ఏ ఆటలు ఆడతారో ఇక్కడ ఎవరూ అడగలేదు. కౌంటర్-స్ట్రైక్ 2, వాలరెంట్ వంటి పోటీ ఆటల్లో సెట్టింగులు తగ్గించి సెకనుకు 144 ఫ్రేములకు పైగా రాబట్టాలని చూసేవారికి ముందుగా అడ్డం పడేది ప్రాసెసరే. విశాలమైన లోకాలున్న, కథ ప్రధానమైన ఆటలు ఆడేవారికి కార్డే ముఖ్యం. 40 శాతం అనే మాటను దృష్టిలో పెట్టుకోండి గానీ, దాన్ని మీ ఆటలను బట్టి అటూ ఇటూ జరపండి.

మదర్‌బోర్డు విషయంలో ఒక నిర్ణయం ముందే తీసుకోవాలి. ప్రాసెసర్‌ను బోర్డులో బిగించే చోటును సాకెట్ అంటారు. ఏఎం4 సాకెట్ 2017లో రైజెన్‌తో పాటు జనంలోకి వచ్చింది, దానికి 2024లో కూడా కొత్త ప్రాసెసర్లు విడుదలయ్యాయి, కానీ ఇక ముందు చెప్పుకోదగ్గ మెరుగుదల రాదు. 2022లో వచ్చిన ఏఎం5 మీద డీడీఆర్5 ర్యామ్ మాత్రమే పనిచేస్తుంది, ప్రవేశ ఖర్చు ఎక్కువ, కానీ మూడేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటి మార్చుకుంటే చాలు. కొన్నది కొన్నట్టే ఐదారేళ్లు వాడేసేవారికి ఏఎం4 చాలు.

నాకు జరిగినది కూడా చెబుతాను. నిల్వలో ఉండిపోయిన బి450 అనే పాత ఏఎం4 బోర్డు ఒకటి చౌకగా దొరికిందని తెచ్చి 5600 బిగించాను. ఫ్యాన్లు తిరిగాయి, తెర మాత్రం వెలగలేదు. రెండు రోజులు ర్యామ్‌ను అనుమానించాను, కార్డును అనుమానించాను, చివరికి తేలిందేమిటంటే బోర్డులోని బయాస్, అంటే స్విచ్ వేయగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్, ఆ ప్రాసెసర్ పుట్టకముందుది. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయాస్ మార్చుకునే బటన్ వెనుక భాగంలో ఉన్న బోర్డు కొంటే ఈ అవస్థ ఉండదు.

మౌనఫ్యాన్:
క్యాబినెట్‌తో పాటు వచ్చే పవర్ సప్లై గురించి చదవగానే రాయకుండా ఉండలేకపోయాను. దయచేసి దాన్ని వాడవద్దు. నాది ఎనిమిది నెలలు బాగానే పనిచేసి, ఒక రాత్రి ఆట మధ్యలో టప్పుమన్న శబ్దంతో ఆగిపోయింది. కాలిన వాసన గది నిండా వ్యాపించింది, పోతూ పోతూ అది మదర్‌బోర్డును కూడా తీసుకుపోయింది.

తర్వాత దాన్ని విప్పి పక్కనున్న లేబుల్‌ను మొదటిసారి శ్రద్ధగా చదివాను. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 500 వాట్లని ఉంది. లేబుల్ గళ్లలో 12 వోల్టుల దగ్గర రాసినది 22 ఆంపియర్లు. 12ను 22తో గుణిస్తే 264 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తమ శక్తిలో దాదాపు అంతా తీసుకునేది ఆ 12 వోల్టుల నుంచే కాబట్టి, నేను కొన్నది నిజానికి 264 వాట్ల పెట్టె. కొనేముందు ఈ ఒక్క గుణకారం చేయండి. 80 ప్లస్ ముద్ర గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వృథా కాకుండా అందుతుందో చెబుతుందే తప్ప, లోపలి భాగాల మన్నికకు హామీ కాదు. రైజెన్ 5 5600, 132 వాట్ల ఆర్‌ఎక్స్ 6600 కార్డు వంటి జోడీకి నిజాయితీగా 550 వాట్లు ఇచ్చే పవర్ సప్లై బోలెడంత. ఎప్పుడైనా దాన్ని మార్చవలసి వస్తే పాతదాని మాడ్యులర్ (ఊడదీయగల) కేబుళ్లను కొత్తదానికి తగిలించకండి, ప్లగ్గు సరిపోయినా లోపలి తీగల వరుస వేరుగా ఉంటే డ్రైవులు కాలిపోవచ్చు.

రెండోచెయ్యి:
గ్రాఫిక్స్ కార్డును వాడినది కొనడానికి సిద్ధపడితే అదే బడ్జెట్‌లో ఒక మెట్టు పైకి వెళ్లవచ్చు. 2022 సెప్టెంబరులో గ్రాఫిక్స్ కార్డులతో ఇథీరియం అనే క్రిప్టో నాణేన్ని సంపాదించే మైనింగ్ ఆగిపోయాక ఎన్నో కార్డులు వాడిన సరుకుగా బయటికి వచ్చాయి. మైనింగ్‌లో వాడినంత మాత్రాన కార్డు పాడైనట్టు కాదు, కాకపోతే ఫ్యాన్లు అరిగి ఉంటాయి, చిప్ వేడిని కూలర్‌కు అందించే పేస్టు ఎండిపోయి ఉంటుంది. నేను అమ్మేవారి ఎదుటే అరగంట సేపు బరువైన ఆట నడిపించి, ఉష్ణోగ్రత ఎక్కడ నిలుస్తుందో, ఫ్యాన్ గరగరలాడుతోందా, తెర మీద చుక్కలు, గీతలు వస్తున్నాయా అని చూసిన తర్వాతే డబ్బు ఇస్తాను. అరగంట ఇవ్వడానికి ఒప్పుకోనివారి దగ్గర కొనను.

పేరు చూసి మోసపోవద్దు. ఆర్‌టీఎక్స్ 3060 అన్న పేరుతోనే 12 జీబీ మెమరీ, 192 బిట్ మెమరీ దారి ఉన్న కార్డు ఒకటి ఉంది, 8 జీబీ, 128 బిట్ కార్డు మరొకటి ఉంది, రెండోది స్పష్టంగా నెమ్మది. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ నాలుగు పీసీఐఈ లేన్లే (కార్డును బోర్డుతో కలిపే దారులే) వాడుతుంది కనుక పీసీఐఈ 3.0 ఉన్న పాత బోర్డులో పెడితే ఇంకా కుంటుతుంది. ప్రాసెసర్లను వాడినవి ధైర్యంగా కొనవచ్చు, ఏఎం4 వాటికైతే పిన్నులు వంగలేదని చూసుకుంటే చాలు. పవర్ సప్లైని మాత్రం వాడినది కొనకండి.

తొలికూర్పు:
అందరికీ కృతజ్ఞతలు. లిక్విడ్ కూలర్, అద్దాల క్యాబినెట్ రెండూ జాబితా నుంచి తీసివేశాను. ర్యామ్ గురించి ఒక సందేహం మిగిలింది. ఇప్పుడు 16 జీబీ స్టిక్ ఒకటి తీసుకుని, తర్వాత మరొకటి కలపవచ్చు కదా?

జంటస్టిక్:
కలపవచ్చు, కానీ ఆ మరొకటి కొనేదాకా ఒకే ఛానెల్ మీద నడుస్తుంది, ప్రాసెసర్‌కు అందే మెమరీ వెడల్పు సగానికి పడిపోతుంది. నేను ఏడాది అలా వాడాను. సగటు ఫ్రేములు పరవాలేదనిపించేవి, కానీ జనం నిండిన వీధిలోకి అడుగుపెట్టగానే ఆట ఒక్క క్షణం బిగుసుకుపోయేది. రెండు 8 జీబీ స్టిక్కులకు మారాక ఆ బిగుసుకుపోవడం చాలామటుకు తగ్గింది. నాలుగు స్లాట్లున్న బోర్డులో వాటిని సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి లెక్కిస్తే రెండో దానిలోనూ నాలుగో దానిలోనూ పెట్టాలి. బయాస్‌లో ఎక్స్ఎంపీ ప్రొఫైల్ (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయకపోతే 3200 వేగం ఉన్న డీడీఆర్4 ర్యామ్ చాలా బోర్డుల్లో 2133 లేదా 2400 దగ్గరే ఉండిపోతుంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే అసలు వేగం కనబడుతుంది.

డ్రైవు గురించి ఒక్క మాట: ఒక టెరాబైటు సామాన్యమైన ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ చాలు, అత్యంత వేగవంతమైనదానికి ఎక్కువ పెట్టినా ఆట లోడ్ కావడంలో మిగిలేది కొద్ది సెకన్లే.

తొలికూర్పు:
మూడు వారాల తర్వాత తిరిగి రాస్తున్నాను. 5600, బి550 బోర్డు, రెండు 8 జీబీ స్టిక్కులు, వాడిన 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060, కొత్త 550 వాట్ల పవర్ సప్లైతో కూర్పు పూర్తయింది. స్విచ్ వేయగానే తెర నల్లగానే ఉంది. గుండె జారిపోయింది, ఇరవై నిమిషాలు అన్నీ ఊడదీసి మళ్లీ బిగించాను. చివరికి మానిటర్ కేబుల్‌ను కార్డుకు కాకుండా మదర్‌బోర్డుకు తగిలించానని గమనించాను, రాత్రిపక్షి గారు ముందే చెప్పిన మాట అప్పుడు గుర్తుకొచ్చింది. విండోస్ మానిటర్‌ను 60 హెర్ట్జ్‌లోనే ఉంచిందని నాలుగో రోజున గానీ తెలియలేదు, డిస్‌ప్లే సెట్టింగుల్లో 144కు మార్చాక మౌస్ కదలికలోనే తేడా తెలిసింది. ఆటలో కార్డు 78 డిగ్రీల దాకా వెళ్తోంది. ముందు వైపు మరొక ఫ్యాన్ కొనమంటారా?

మౌనఫ్యాన్:
అప్పుడే కొనకండి. పక్క పలక తీసేసి అదే ఆటను అరగంట ఆడి చూడండి. పది డిగ్రీలు తగ్గితే పెట్టెలోకి గాలి చాలడం లేదని అర్థం, రెండు మూడు డిగ్రీలే తగ్గితే ఫ్యాన్ కొన్నా ఉపయోగం ఉండదు, కార్డు పేస్టు మార్చాలి.

తొలికూర్పు:
పలక తీసి ఆడితే 76 చూపించింది. కొత్త పేస్టు వేశాక, పలక బిగించి ఆడినా 71 దాటడం లేదు. ఫ్యాన్ కొనలేదు.