రూపాయి, దండ, డిగ్రీ గుర్తులు: కోడు కొట్టాలా, ఆటోకరెక్ట్‌కు వదిలెయ్యాలా?

గుణుపురం టైపిస్టు
మన ఒడిశా సరిహద్దు టైపింగ్ సెంటర్లలో ఒక్క పూటలోనే తెలుగు పెళ్లికార్డు, ఒడియా దరఖాస్తు, ఇంగ్లిష్ అఫిడవిట్ మూడూ వచ్చి పడతాయి. మూడింట్లోనూ కీబోర్డు మీద లేని గుర్తులు కావాలి: ₹, °, ½, ఒడియా వాక్యం చివర పెట్టే దండ (।), కార్డు నెత్తిన జంట దండలు (॥). ఇన్సర్ట్‌లో సింబల్ తెరిచి పట్టికలో వెతుక్కుంటూ కూర్చుంటే పని తెమలదు. వర్డ్‌లో కొత్తగా నేర్చుకునే కుర్రాళ్లకు ముందు ఏది నేర్పాలి? ఒక్కో గుర్తుకు ఉండే కోడు నంబర్లా, మనం కొట్టిన అక్షరాలను వర్డే గుర్తుగా మార్చేసే ఆటోకరెక్టా? రెండు పక్షాలవాళ్లూ చెప్పండి.

పర్లాకిమిడి డీటీపీ
కోడే. అదీ ఆల్ట్+ఎక్స్ పద్ధతి. 20బి9 అని కొట్టి (బి ఇంగ్లిష్ అక్షరమే పడాలి) ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కితే ₹ వస్తుంది. 0964 కొడితే దండ, 0965 కొడితే జంట దండ, 2713 కొడితే టిక్కు. రోజూ అవసరమయ్యేవి పది దాటవు. ఒక చీటీ మీద రాసి మానిటర్ అంచున అంటిస్తే వారంలో నోటికొచ్చేస్తాయి.

ఆల్ట్ పట్టుకుని 0176 లాంటి అంకెలు కొట్టే పాత పద్ధతి వేరు, దీంతో కలిపెయ్యకండి. దానికి కుడిపక్క నంబర్ ప్యాడ్ ఉండాలి, నమ్‌లాక్ వెలగాలి. ప్యాడ్ లేని చిన్న లాప్‌టాప్‌లో దాని వల్ల ఉపయోగం లేదు. పైగా వర్డ్‌లో ఆల్ట్+8377కి ₹ ఇచ్చేది, పాత నోట్‌ప్యాడ్‌లో ఏదో గీతల బొమ్మ ఇస్తుంది. అక్కడ 255 దాటిన అంకెను 256తో భాగించి మిగిలిన శేషాన్నే తీసుకుంటుంది మరి.

ఆల్ట్+ఎక్స్‌లోనూ రెండు చోట్ల బోల్తా పడతారు. ఒకటి, తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉంటే కోడులోని బి, సి ఇంగ్లిష్‌లో పడవు. విండోస్ కీ+స్పేస్‌తో ఇంగ్లిష్‌కు మారాక కొట్టాలి. రెండోది, ముందున్న అంకెకు కోడు అతుక్కోవడం. జ్వరం 38 డిగ్రీలు అని వేయబోయి 38 పక్కనే 00బి0 కొడితే వర్డ్ ముందున్న అంకెనూ కోడులో కలిపేసుకుంటుంది. చివరి నాలుగూ సెలెక్ట్ చేసి అప్పుడు ఆల్ట్+ఎక్స్ కొట్టాలి.

రాయగడ గుమాస్తా
చీటీ అంటించుకునే ఓపిక మీకుంది, లైన్లో నిలబడ్డవాళ్లకు లేదు. బిల్లులో ₹ ముప్పైసార్లు వస్తే ముప్పైసార్లు నాలుగంకెల మంత్రం చదవాలా?

ఒక్కసారి చేసి వదిలేసే పని ఇది. గుర్తును ఒకచోట తెచ్చుకుని సెలెక్ట్ చేయండి. ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్, ఆటోకరెక్ట్ ఆప్షన్స్. 'విత్' గడిలో గుర్తు అప్పటికే కూర్చుని ఉంటుంది. 'ప్లెయిన్ టెక్స్ట్' ఎంచుకోండి, అప్పుడే చుట్టూ ఉన్న ఫాంటు పడుతుంది. 'రీప్లేస్' గడిలో సెమికోలన్, దాని వెంటే ఆర్ ఎస్. అక్కడినుంచి ఆ మూడూ కొట్టి స్పేస్ ఇస్తే చాలు. సెమికోలన్ ఎందుకంటే, ఏ మాటా సెమికోలన్‌తో మొదలుకాదు కాబట్టి మామూలు రాతలో పొరపాటున మారదు.

ఇంగ్లిష్ (ఇండియా) కీబోర్డు పెట్టుకుంటే రూపాయికి అదీ అక్కర్లేదు. కుడిపక్క ఆల్ట్+4. అమెరికా కీబోర్డు ఉన్న సిస్టంలో మాత్రం ఇది పలకదు.

బరంపురం ప్రూఫు
గుమాస్తా గారూ, ఆటోకరెక్ట్ చేసే ఉపకారం కన్నా అపకారం ఎక్కువ, అదీ మీరు రోజూ చూసే కాగితాల్లోనే. భూమి కాగితంలో ప్లాటు నంబరు 1/4 అని కొట్టి స్పేస్ ఇస్తే వర్డ్ దాన్ని ¼ చేసేస్తుంది. 1/2, 3/4 సంగతీ ఇంతే. 1/3, 45/2 జోలికి పోదు. అదే అసలు ప్రమాదం. పేజీలో పది నంబర్లు సరిగ్గా ఉండి ఒక్కటి పావు అయిపోతే ప్రూఫు చూసే కంటికీ ఆనదు. ఇంగ్లిష్ అఫిడవిట్‌లో సెక్షన్ పక్కన బ్రాకెట్లో సి కొడితే కాపీరైట్ గుర్తు అవుతుంది. ఆర్ కొడితే రిజిస్టర్డ్ గుర్తు, ఈ కొడితే యూరో! ఎకరం, డెసిమల్ లెక్కల కాగితంలో యూరో ఏటండీ?

రాయగడ గుమాస్తా
అవి కంపెనీ పెట్టి పంపినవి, నేను పెట్టుకున్నవి కావు. భిన్నాల టిక్కు 'ఆటోఫార్మాట్ యాజ్ యు టైప్' ట్యాబులో ఉంటుంది, తీసేయండి. బ్రాకెట్ల సి, ఆర్, ఈ మూడూ ఆటోకరెక్ట్ పట్టికలో పైనే ఉంటాయి, డిలీట్ కొట్టండి. రెండు నిమిషాల పని. అప్పటికప్పుడు మారినది కంటబడితే కంట్రోల్+జెడ్ ఒక్కసారి, కొట్టింది కొట్టినట్టు వెనక్కొస్తుంది.

ఇక దండ. దానికింత రాద్ధాంతం దేనికి? ఎంటర్ పైనున్న నిలువు గీత కొడితే సరిపోదా? అచ్చులో తేడా ఎవరికి తెలుస్తుంది?

బరంపురం ప్రూఫు
తెలుస్తుంది. నిలువు గీత దండ కన్నా పొడుగు. కిందికి దిగుతుంది, పైకీ లేస్తుంది. అక్షరాల వరుస పక్కన కర్ర పాతినట్టు ఉంటుంది. అసలు కారణం వర్డ్ లోపల ఉంది. కంట్రోల్+డి కొట్టి చూడండి, ఫాంటుకు రెండు గడులుంటాయి: ఒకటి లాటిన్ అక్షరాలకు, రెండోది 'కాంప్లెక్స్ స్క్రిప్ట్స్'కు. తెలుగు, ఒడియా, దండ రెండో గడి ఫాంటు తీసుకుంటాయి. నిలువు గీత మొదటి గడిది తీసుకుంటుంది. ఒడియా అక్షరాలు 16 పాయింట్లకు పెంచి మొదటి గడిలో 11 వదిలేస్తే, వాక్యం చివర గీత పిల్లగీత అయిపోతుంది. ₹ గుర్తు కూడా మొదటి గడిదే. 'అంకెలు చిన్నవైపోయాయి, గుర్తు సన్నబడిపోయింది' అనే ఫిర్యాదులు సగం ఇక్కడివే.

తెలుగులో, మరాఠీలో ఇవాళ వాక్యానికి చుక్కే పెడుతున్నాం, దండ శ్లోకాలకూ కార్డులకూ మిగిలింది. ఒడియాలో అలా కాదు, ప్రతి వాక్యం చివరా పూర్ణచ్ఛేదం, అంటే దండ, ఉండాలి. ఒడియాకు వేరే దండ కోడు కోసం వెతకొద్దు. దేవనాగరి వరుసలోని 0964నే ఒడియాకూ తెలుగుకూ వాడాలి, అన్ని భాషల అక్షరాలకూ కోడ్లు ఇచ్చే యూనికోడ్ ఏర్పాటు అది.

గీతలతో నిండిన పాత ఫైలు బాగుచేయాలంటే కంట్రోల్+హెచ్. ముందు జంట గీతలను జంట దండగా మార్చండి, తర్వాత ఒంటి గీతలను. వరస తిరగేస్తే జంట దండ స్థానంలో రెండు ఒంటి దండలు పడతాయి. 'రీప్లేస్ ఆల్' కొట్టే ముందు ఫోన్ నంబర్ల మధ్య అడ్డంగా పెట్టిన గీతలున్నాయేమో చూసుకోండి, అవీ దండలైపోతాయి. దండకు ముందు ఖాళీ వదిలే అలవాటుంటే అక్కడ మామూలు స్పేస్ కాకుండా కంట్రోల్+షిఫ్ట్+స్పేస్ కొట్టండి. లేకపోతే దండ ఒక్కటే కింది లైనుకు జారిపోయి తప్పిపోయిన పిల్లాడిలా నిలబడుతుంది.

సిరొంచ కంప్యూటర్
గోదావరి ఇవతలి గట్టు, మహారాష్ట్ర దిక్కు మాట కూడా వినుండ్రి. దండకు కోడూ వద్దు, ఆటోకరెక్టూ వద్దు. హిందీ ఇన్‌స్క్రిప్ట్ (మన దేశ భాషలన్నిటికీ ఒక్క తీరుగ కీలు పెట్టిన) కీబోర్డు ఒకటి చేర్చుకుంటే షిఫ్ట్ పట్టి చుక్క కీ కొడితే దండ పడ్తది. మనదగ్గర మరాఠీ ఎట్లనూ కొట్టాలె. ఇన్‌స్క్రిప్ట్‌ల క ఉన్న కీ తెలుగుల, మరాఠీల, ఒడియాల ఒక్కటే. మూడు భాషలు కొట్టేటోళ్లకు అదే మేలు.

మీరిద్దరూ పట్టించుకోని సంగతి ఒకటున్నది. గుర్తు ఎట్ల తెచ్చినా, లోపల అది అసలు గుర్తేనా, ఫాంటు వేసుకున్న వేషమా? అక్షరాల జాగల బొమ్మలు చూపే వింగ్‌డింగ్స్ ఫాంటు టిక్కు వేషమే. ఆ ఫాంటు లేని ఫోన్ల తెరిస్తే డబ్బా, లేకపోతే ఇంకేదో అక్షరం. 2010ల రూపాయి గుర్తు ఖరారైన కొత్తల రూపీ ఫొరాడియన్ అని ఒక ఫాంటు వచ్చింది. ట్యాబ్ కీ పైనున్న కొస గీత కొడితే ₹ కనపడేది. అప్పటి ఫైళ్లు ఇయ్యాల తెరిస్తే ప్రతి అంకె ముందట ఆ కొస గీతే. మార్చాలంటే ఫైండ్ గడిల కొస గీత పెట్టి, మోర్, ఫార్మాట్, ఫాంటుల ఆ ఫాంటు పేరు ఇచ్చి, రీప్లేస్ గడిల అసలు ₹ అతికించి నడపాలె. పేరు ఇయ్యకపోతే వేరే కొస గీతలు కూడా రూపాయలైతయ్. అను, అకృతి పాత ఫాంట్ల రాతదీ ఇదే రోగం, కాకపోతే అక్కడ గుర్తులే కాదు, మొత్తం అక్షరాలే వేషం.

పర్లాకిమిడి డీటీపీ
సిరొంచ అన్న మాటకు నాది జత. బొమ్మ చూసి నమ్మొద్దు, జాతకం అడగండి. కర్సర్‌ను గుర్తు వెనక పెట్టి ఆల్ట్+ఎక్స్ కొడితే గుర్తు పోయి కోడు బయటపడుతుంది. మళ్లీ కొడితే గుర్తు వస్తుంది. 0964 వస్తే దండ, 007సి వస్తే గీత. డిగ్రీ అనుకున్నది 00బిఏ అని వస్తే అది డిగ్రీ కాదు, ఎత్తులో పెట్టిన ఓ. ఈ పరీక్ష ఆటోకరెక్ట్‌లో లేదు, అందుకే ముందు కోడు నేర్పమన్నాను.

గుణుపురం టైపిస్టు
ఇంకొక్కటి. మన వైపు పేర్లన్నీ నాయక్, పట్నాయక్. 'నాయక్' వెంట 'గారు' కొడితే 'నాయక్గారు' అని గ కిందికి దిగిపోతోంది. స్పేస్ ఇస్తే మాట విడిపోతుంది. దీనికీ గుర్తు ఉందా?

పర్లాకిమిడి డీటీపీ
ఉంది, కంటికి కనపడదు. 200సి. పొల్లు తర్వాత దాన్ని పెట్టి అప్పుడు గ కొడితే 'నాయక్‌గారు'. వర్డ్‌లో అయితే సింబల్ డబ్బాలోని 'స్పెషల్ క్యారెక్టర్స్' ట్యాబులో 'నో-విడ్త్ ఆప్షనల్ బ్రేక్' అనే పేరుతో ఉంటుంది. ఆ పేరు చూసి ఎవరికీ అర్థం కాదు. అక్కడే 'షార్ట్‌కట్ కీ' నొక్కి మీకు నచ్చిన కీ ఇచ్చుకోండి. 'సేవ్ చేంజెస్ ఇన్' దగ్గర నార్మల్ టెంప్లేట్ ఉంటే ఆ కీ ఆ కంప్యూటర్ వరకే.

రాయగడ గుమాస్తా
కనపడని గుర్తుకు నేనూ కీయే వాడతాను. ఆటోకరెక్ట్‌కు మాట చివర స్పేస్ కావాలి, ఇక్కడ మాట మధ్యలో కావాలి కదా. అది ఒప్పుకుంటాను. ₹ మాత్రం సెమికోలనే. ఒక హెచ్చరిక మాత్రం: ఆటోకరెక్ట్ పట్టిక భాషకొకటి. డబ్బా పైన 'ఇంగ్లిష్ (ఇండియా)' అని ఉన్నప్పుడు చేర్చినది తెలుగు కీబోర్డు మీద పలకదు. మొదటిరోజు పనిచేసి రెండోరోజు పనిచెయ్యలేదంటే ముందు అదే చూడండి. తెలుగు కీబోర్డు ఆన్ చేసి, డబ్బా మళ్లీ తెరిచి, పైన భాష పేరు మారిందని చూసుకుని ఇంకోసారి చేర్చాలి.

బరంపురం ప్రూఫు
చేర్చండి. భిన్నాల టిక్కు తీసేశాకే చేర్చండి. అది ఏ సిస్టానికి ఆ సిస్టంలో తియ్యాలి, ఫైలుతోపాటు రాదు.