పాత స్క్రాబుల్ సెట్‌కి కొత్త అట్టపెట్టె: మూత బిగుసుకుపోయింది, మీరెలా చేశారు?

లక్కపిడత:
మా నాన్న ఆడిన సెట్ ఇది, అక్షరాల బిళ్ళలు పేర్చి పదాలు కట్టే ఆట, చెక్క బిళ్ళలది. ఖాళీవి రెండింటితో కలిపి 100 బిళ్ళలూ, నాలుగు స్టాండ్లూ పదిలంగా ఉన్నాయి. పెట్టె సంగతే అడక్కండి. మూత నాలుగు మూలలూ విచ్చుకుని పక్క అట్టలు చెవుల్లా వేలాడుతున్నాయి. ఎప్పుడో ఎవరో వేసిన సెల్లోటేపు ఎండి ఊడింది గానీ, దాని గోధుమరంగు మరక మూత మీది అక్షరాలపైనే ఉండిపోయింది.

2 మి.మీ. అట్టతో కొత్తది చేశాను, పైన బైండింగ్ గుడ్డ. మడిచిన బోర్డు 36 × 18 సెం.మీ. అడుగు పెట్టె ముచ్చటగా వచ్చింది. మూత మాత్రం సగం దిగి ఆగింది. నొక్కాను, దిగింది. ఇక రాలేదు. చివరికి మూతని కత్తితో కోసి బోర్డు బయటికి తీశాను. నవ్వకండి. ఎక్కడ తప్పాను?

కొలతబద్ద:
నవ్వను, నేనూ ఒకటి కోశాను. అట్ట మందం లెక్కేసి గుడ్డ మందం మరిచిపోయి ఉంటారు. గుడ్డ, జిగురు కలిసి అర మి.మీ. అనుకోండి. అడుగు పెట్టెకి రెండు పక్కలా కలిపి 1 మి.మీ. మూత అంచు దగ్గర లోపలికి మడిచిన గుడ్డ ఇంకో 1. మూత కదలడానికి సందు ఇంకో 1. అంటే మూత లోపలి వెడల్పు, అడుగు పెట్టె అట్ట బయటి వెడల్పు కంటే 3 మి.మీ. ఎక్కువుండాలి. పొడవుకీ అంతే. పైన గుడ్డ కాకుండా కాగితమైతే 2 చాలు.

అసలు ముందే మూత అట్ట కోయడం దేనికండీ? అడుగు పెట్టెకి గుడ్డ వేసి, రాత్రంతా ఆరనిచ్చి, దాన్నే కొలిచి అప్పుడు కోయండి. పాత పెట్టె కొలతలు అసలు నమ్మొద్దు, అది సాగి ఉంటుంది. లోతు కూడా చూసుకోండి. బోర్డు అంచు కంటే పైకి లేస్తే పైన పెట్టిన బరువంతా మూత మీదే పడుతుంది. మీ పాత మూలలు అలాగే విచ్చుకున్నాయేమో.

చెక్కేమేలు:
ఇంత తలనొప్పి ఎందుకు? 4 మి.మీ. ప్లైవుడ్‌తో చేయండి, మనవళ్ళ దాకా ఉంటుంది.

గమ్ముడబ్బా:
ఉంటుంది, లోపలి కాగితమే ఉండదు. ప్లైవుడ్ నుంచి ఆమ్లపు ఆవిర్లు వస్తాయి. మూసిన పెట్టెలో ఏళ్ళ తరబడి ఉంటే కాగితం పసుపెక్కి పెళుసవుతుంది. బిళ్ళలకేం కాదు, పాత రూల్స్ కాగితం గురించే నా బెంగ. ఆమ్లం లేని అట్ట దొరికితే అదే వాడండి.

బైండింగ్ పని చేసేవాణ్ణి కాబట్టి రెండు మాటలు. అట్టకీ కాగితానికీ పోగు ఉంటుంది, అంటే లోపలి నారలు సాగే దిశ. అటూ ఇటూ వంచి చూడండి, సులువుగా వంగినప్పుడు మడత ఎటు పడుతుందో పోగు అటే. మూత పైభాగానికి అట్ట పోగు, పైకాగితం పోగు రెండూ పొడవు వెంటే వెళ్ళాలి. అడ్డం తిరిగితే ఆరాక మూత దోనెలా వంగుతుంది. పోగు సరిగ్గా ఉన్నా ఒకవైపే కాగితం అంటిస్తే అటే లాగుతుంది, అందుకే లోపల కూడా కాగితం వేయాలి. చాలామంది ఆ లోపలి కాగితాన్ని అలంకారం అనుకుంటారు.

మూలల్లో గుడ్డ వేసేముందు తడిపితే అంటుకునే క్రాఫ్ట్ కాగితపు టేపు వేయండి. సెల్లోటేపు జోలికి పోకండి, దాని గతి మీరే చూశారు.

తెల్లకాగితం:
మూత మీది బొమ్మ గురించి ఎవరూ అనలేదే. నాది స్కానర్‌లో పట్టలేదు, రెండు ముక్కలుగా 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) తీసి కలిపాను. ఇంక్‌జెట్‌లో ప్రింట్ తీసి వెనక జిగురు రాయగానే ఎర్రరంగు నల్ల అక్షరాల్లోకి పాకింది. రెండోసారి లేజర్ ప్రింట్ తీసి, పీవీఏ (తెల్ల) జిగురు పల్చగా రాసి, మధ్య నుంచి అంచులకి గుడ్డతో రుద్దుతూ వెళ్ళాను. ఒక్క బుడగ లేదు. ఇంకోటి, పాత మూత పారేయకండి. నేను పారేశాను.

లక్కపిడత:
మూడో మూత కుదిరింది! కొలతబద్ద గారూ, మీ 3 మి.మీ. లెక్క అక్షరాలా సరిపోయింది. ఇప్పుడు మూత వదిలితే తనంతట తానే మెల్లగా దిగుతోంది, లోపలి గాలి బుస్సుమంటూ పోతుంటే పిల్లలు మళ్ళీ మళ్ళీ తీసి వేస్తున్నారు. తీయడానికి మాత్రం కష్టంగా ఉండి, పొడుగు వైపు అంచుల్లో బొటనవేలు పట్టేలా అర్ధచంద్రాకారంలో కోశాను. గుడ్డ వేశాక కోయడంతో అక్కడ అట్ట బయటపడింది. ముందే కోయాల్సింది.

గమ్ముడబ్బా గారూ, లోపలి కాగితం మాట మీరు అనబట్టి ఇంకోటి దొరికింది. పాత మూత స్కాన్ చేద్దామని విప్పి పరిస్తే లోపలివైపు పెన్సిల్ స్కోర్లు. రెండు వరసలు, పైన నాన్న పేరు, పక్కన అత్తయ్య పేరు. నాన్నది అన్నిట్లోనూ తక్కువే. ఆ వైపు కూడా స్కాన్ తీసి, ప్రింటునే కొత్త మూతకి లోపలి కాగితంగా వేశాను. పాత మూత పాలిస్టర్ కవర్లో విడిగా దాచాను.

అత్తయ్యకి ఫోటో పంపితే, "ఆ 74 నేను వేసిందే" అంది.

కొలతబద్ద:
ఆ అర్ధచంద్రం దగ్గర బయటపడ్డ అట్టకి అదే గుడ్డ నుంచి సన్నటి పట్టీ కోసి చుట్టేయండి. వంపు దగ్గర పట్టీకి చిన్నచిన్న గాట్లు పెడితే ముడతలు రావు.