ఒరలో కత్తులు, డిక్కీలో బాక్సు: ‘ఇమడదు’ అంటే ‘పట్టదు’ అనేనా?

విజయనగరం నుంచి ప్రశ్న:

అందరికీ నమస్కారం. కార్లకు సౌండ్ సిస్టమ్ అమర్చే ఒక దుకాణం కోసం చిన్న కరపత్రం రాస్తున్నాను. చిన్న కారు డిక్కీలో సబ్‌వూఫర్ (బేస్, అంటే లోతైన మోత ఇచ్చే స్పీకరు), ఆంప్లిఫయర్ (స్పీకరుకు శక్తి ఇచ్చే పెట్టె) ఎలా పెట్టించుకోవచ్చో అందులో చెప్పాలి. పైన ‘మీ డిక్కీలో ఇమిడే బేస్’ అని రాశాను. దుకాణదారు చూసి, ‘ఇమిడే ఎందుకండీ, పట్టే అని రాయండి, అందరికీ తెలిసిన మాట’ అన్నారు. ఆయన మాట కొట్టేయలేను. కానీ ‘ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు’ అన్న సామెతలో ‘పట్టవు’ అని పెట్టి చదివితే ప్రాణం పోయినట్టుంది. ఈ రెండు క్రియలకూ తేడా ఎక్కడుందో పెద్దలు చెప్పగలరా?

రాజాం నుంచి, తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు:

మీ చెవి సరిగానే విన్నది. పట్టడానికి కొలత చాలు. ఈ గిన్నెలో రెండు శేర్ల బియ్యం పడతాయి, ఈ హాల్లో వందమంది పడతారు. ఇమడాలంటే లోపలికి వెళ్లినది అక్కడ అప్పటికే ఉన్నవాటితో పొసగాలి. కొత్త కోడలు ఆ ఇంట్లో ఇమడలేకపోయింది అంటాం. ఇంట్లో గదులు చాలలేదని ఎవరూ అనుకోరు. సామెతలోనూ ఒర ఇరుకని ఫిర్యాదు లేదు. వెడల్పు ఒర కుట్టిస్తే రెండు కత్తులూ పడతాయి, ఒకదాని పదును ఒకటి తినేస్తుంది. ‘ఆ మాటలో ఇమిడి ఉన్న అర్థం’ అనడం కూడా ఇందుకే: అర్థం మాటలో కలిసిపోయి ఉంటుంది, విడిగా పొడుచుకు రాదు.

శ్రీకాకుళం నుంచి, ఏడు రోడ్ల కూడలి దగ్గర కార్ల సౌండ్ పని చేసేవారు:

మాస్టారూ, మీరు చెప్పిన తేడా మా పనిలో రోజూ ఎదురవుతుంది. కొంచెం పొడుగ్గా రాస్తాను, విసుక్కోకండి.

మన దగ్గర ఎక్కువగా తిరిగే ఒక హ్యాచ్‌బ్యాక్ డిక్కీ 268 లీటర్లు. పన్నెండు అంగుళాల సబ్‌వూఫర్‌కు పోర్టు (గాలి ఆడే గొట్టం) ఉన్న బాక్సు చేస్తే బయటి కొలతలు 50, 40, 35 సెంటీమీటర్లు వస్తాయనుకోండి. అంటే 70 లీటర్లు. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్కపొడిని జిగురుతో అదిమి చేసిన పలక) మందం అన్ని వైపులా తీసేస్తే లోపల మిగిలేది 53 లీటర్లే. లెక్క ప్రకారం డిక్కీలో ఇంకా 198 లీటర్లు ఖాళీ. కానీ ఆ ఖాళీ ఎక్కడుంది? సీటు వీపు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి బాక్సు వెనక కొంత, చక్రం గూడు పక్కన కొంత, పైన కొంత. పెళ్లికి వెళ్లే కుటుంబం ఒక్క పెద్ద సూట్‌కేసు కూడా పెట్టలేదు. స్టెప్నీ తీయాలంటే ముందు బాక్సును కిందికి దించాలి. రాత్రిపూట రణస్థలం ఊరి దగ్గర పంక్చరైతే తెలుస్తుంది ఆ బాధ. కాబట్టి ఆ బాక్సు డిక్కీలో పడుతుంది, ఇమడదు.

ఇమడాలంటే బాక్సు చిన్నది కావాలి. పది అంగుళాల స్పీకరుకు అన్ని వైపులా మూసిన బాక్సు అయితే లోపల 15 నుంచి 20 లీటర్లు చాలు. పోర్టు బాక్సంత గట్టిగా మోగదు, మోత మాత్రం బిగువుగా ఉంటుంది. చక్రం గూడు పక్కన ఉండే మూలకు సరిగ్గా ఆ వంపులోనే ఫైబర్ గ్లాసుతో పోసే బాక్సులు కూడా ఉన్నాయి. డబ్బు ఎక్కువ, చోటు మాత్రం దాదాపు అడగదు. ఇంకా తక్కువ కావాలంటే ఆంప్లిఫయర్ లోపలే ఉన్న పల్చటి సబ్‌వూఫర్ ముందు సీటు కిందికి పోతుంది. నా అభిప్రాయం అడిగితే, ఊళ్లకు తిరిగే కుటుంబానికి సీటు కిందిది, లేదా మూల బాక్సు. పన్నెండు అంగుళాలది కావాలనేవాళ్లు సామాను మోయని కారు ఉంచుకోవాలి.

మూలకు పెడితే శబ్దం ఒక పక్క నుంచే వస్తుందేమో అని చాలామంది అడుగుతారు. రాదు. 40 హెర్ట్జ్ శబ్దం ఒక్క తరంగం పొడవే సుమారు ఎనిమిదిన్నర మీటర్లు, చిన్న కారు మొత్తం నాలుగు మీటర్లలోపు. అంత లోతైన మోత ఎటు నుంచి వస్తోందో చెవి పోల్చుకోలేదు.

పార్వతీపురం నుంచి ఒకరు:

మాస్టారూ, చిన్న పేచీ. ‘ఈ ఊరి నీళ్లు నా ఒంటికి పట్టలేదు’ అంటాం. ‘వాడికి చదువు పట్టలేదు’ అంటాం. అక్కడ కొలత ఎక్కడిది? పొసగడమే కదా?

రాజాం:

మంచి పేచీ తెచ్చారమ్మా. విభక్తి చూడండి. ‘ఒంటికి’ పట్టింది అన్నప్పుడు ‘కి’ ఉంది, గిన్నెలో పట్టింది అన్నప్పుడు ‘లో’ ఉంది. ‘కి’తో వస్తే పట్టు అన్న క్రియకు పొసగడం, సరిపడడం అనే అర్థం వస్తుంది. ‘లో’తో వస్తే కొలత. ఇముడుకు అలాంటి రెండో దారి లేదు, ‘లో’తోనే వస్తుంది. కరపత్రంలో ఉన్నది ‘డిక్కీలో’ కనుక అక్కడ ‘పట్టే’ అంటే లీటర్ల లెక్కే అవుతుంది.

బొబ్బిలి నుంచి ఒకరు:

మా దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. ఆ కర్ర పలకాలి, అందుకే ఎంచి ఎంచి తెస్తారు. ఈ బాక్సుకు కూడా మంచి చెక్క వాడితే బేస్ బాగుంటుందా?

శ్రీకాకుళం:

ఇక్కడ తలకిందులండీ. వీణ కర్ర పలకాలి, మా బాక్సు మూగగా ఉండాలి. స్పీకరు కదులుతున్నప్పుడు చెక్క కూడా అదిరితే మోత మసకబారుతుంది. అందుకే బరువైన ఎండీఎఫ్, లోపల అడ్డకర్రలు, అంచులకు జిగురు.

చీపురుపల్లి నుంచి ఒకరు:

డిక్కీ, స్టెప్నీ అని ఇంగ్లీషు మాటలు ఎందుకు? సామాను అర, అదనపు చక్రం అనకూడదా?

రాజాం:

అనవచ్చు. కానీ డిక్కీ అంటే ఇంగ్లీషులో మొదట బండికి ఉండే ఒక సీటు, దాన్ని సామాను చోటుగా మార్చుకున్నది మనవాళ్లే. స్టెప్నీ అన్నది వేల్స్‌లో లనెల్లీ అనే ఊళ్లో ఉన్న వీధి పేరు; 1904లో అక్కడ తయారైన అదనపు చక్రానికి ఆ పేరు వచ్చింది. వ్యవహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలోనే పుట్టారు. మెకానిక్ నోట నలిగిన మాటను మనం కాదనడం ఈ నేల మీద మరీ బాగుండదు.

విజయనగరం:

అందరికీ ధన్యవాదాలు. శీర్షికలో ‘ఇమిడే’ ఉంచుతున్నాను. లోపల లీటర్ల పట్టికలో ‘పట్టే కొలత’ అని వాడతాను, దుకాణదారు మాట కూడా నిలబడుతుంది. ఆంప్లిఫయర్ దగ్గర ఏ క్రియ వాడాలి? దాన్ని కూడా ఇమిడ్చేయవచ్చా?

శ్రీకాకుళం:

దానికి ‘బిగించాలి’ అని రాయండి. వెనక సీటు వీపుకో, సీటు కిందో బిగించి చుట్టూ గాలి ఆడే చోటు వదలాలి. బాక్సు మీదే బిగిస్తే అదురుకు లోపలి అతుకులు ఊడిపోవచ్చు. బట్టల సంచుల మధ్య ఇరికిస్తే వేడెక్కి ఆగిపోతుంది. ఆంప్లిఫయర్లలో డీ క్లాస్ అనే రకం చిన్నగా ఉంటుంది, తక్కువ వేడెక్కుతుంది, చిన్న డిక్కీకి అదే మేలు. అయినా 300 వాట్ల ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల శక్తి) పూర్తిగా వాడితే సుమారు 27 ఆంపియర్లు లాగుతుంది, కాబట్టి సన్న తీగ పనికిరాదు. పవర్ తీగ ఒక పక్క నుంచి, పాట సిగ్నల్ తీగ ఇంకో పక్క నుంచి తేవాలి, లేకపోతే ఇంజను కూత స్పీకర్లో వినిపిస్తుంది. ఎర్త్ తీగ పొట్టిగా ఉండాలి, రంగు గీకిన ఇనుముకు తగలాలి. ఇంకొకటి, ఇది మాత్రం లావు అక్షరాల్లో వేయించండి: ఫ్యూజు డిక్కీలో ఉంటే చాలదు, బ్యాటరీకి మూరెడు లోపే ఒకటి ఉండాలి. ఆ తీగ కారు పొడవునా రేకు అంచుల పక్క నుంచి వస్తుంది. ఎక్కడ ఒరుసుకుపోయినా ముందు తెగాల్సింది ఆ ఫ్యూజే.